తీర్పు చివరి పేజీ దాకా చదివాకే మైకు

ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లా. డిగ్రీ దాకా తెలుగు మీడియం. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉన్నాను, వయసు 25. రాజ్యాంగం సబ్జెక్టంటే ప్రాణం. లా ప్రొఫెసర్ కావాలని, పత్రికల్లో రాస్తూ, టీవీ చర్చల్లో తీర్పుల గురించి జనానికి అర్థమయ్యేలా చెప్పాలని ఉంది. నాన్నేమో ‘జడ్జి పరీక్ష రాయి, లేదా ప్రాక్టీస్ పెట్టు’ అంటున్నారు. ఎల్‌ఎల్‌ఎం ఏడాదిది చేయాలా, రెండేళ్లదా? ప్రాక్టీస్ చేస్తూ పాఠాలు చెప్పొచ్చా? కోర్టును విమర్శిస్తే ధిక్కారం కేసు పెడతారని స్నేహితులు భయపెడుతున్నారు, నిజమేనా? నా ఇంగ్లిష్ అంతంత మాత్రం. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు పనులు కలగలిసి ఉన్నాయి. క్లాసులో పాఠం చెప్పడం ఒకటి, తీర్పుల గురించి నలుగురిలో మాట్లాడటం ఇంకొకటి. జీతం మొదటిదానికే వస్తుంది. రెండోదానికి చానల్‌వాళ్లు కారు పంపితే అదే గొప్ప. మొదటిది గట్టిపడకుండా రెండోదాంట్లోకి దిగితే నాలుగు నెలల్లో సరుకు అయిపోతుంది. అందుకని ముందు ఉద్యోగం సంగతి చూద్దాం.

అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం మార్కులు, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష)లో అర్హత ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 50 శాతం చాలు. ఎక్కువమంది బోల్తాపడేది ఈ 55 దగ్గరే. 54.8 వస్తే దాన్ని 55 కింద సర్దరు. మొదటి సెమిస్టర్‌ను తేలిగ్గా తీసుకుని, ఆ తర్వాత ఇంప్రూవ్‌మెంట్ పరీక్షలు రాసుకుంటూ కూర్చునేవాళ్లు ప్రతి యూనివర్సిటీలోనూ కనిపిస్తారు. పీహెచ్‌డీ లేకపోతే అసలు ఉద్యోగమే రాదన్న ప్రచారం ఇంకా నడుస్తోంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ లేదా సెట్ కనీస అర్హత అని, పీహెచ్‌డీ తప్పనిసరి కాదని యూజీసీ 2023లో స్పష్టం చేసింది. అసోసియేట్ ప్రొఫెసర్ నుంచి మాత్రం పీహెచ్‌డీ లేకుండా అడుగు ముందుకు పడదు.

ఎల్‌ఎల్‌ఎం ఏడాదిదైనా రెండేళ్లదైనా చెల్లుతుంది. ఏడాది కోర్సు ప్రధానంగా నేషనల్ లా యూనివర్సిటీల్లో ఉంటుంది. మన దగ్గర హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య వర్సిటీ. ప్రవేశం క్లాట్ పీజీతో: 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. తీర్పుల్లోంచి తీసిన పొడవాటి ఇంగ్లిష్ పేరాలు చదివి జవాబులు గుర్తించాలి. ఫీజు లక్షల్లో ఉంటుంది. రెండేళ్ల కోర్సు ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా వంటి రాష్ట్ర వర్సిటీల్లో, పీజీలాసెట్ ద్వారా. ఫీజు బాగా తక్కువ.

మీకు రెండేళ్లదే నయం. ఏడాది కోర్సులో తరగతులు, డిసర్టేషన్, పరీక్షలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. చదివింది ఇంకే తీరిక ఉండదు. ఇంగ్లిష్ చదువు వేగం పెంచుకోవాల్సిన మీలాంటివారికి ఆ రెండో ఏడాది చాలా ఉపయోగం. చివరి ఏడాదిలో ఉండగానే నెట్ రాయొచ్చు కాబట్టి కాలం వృథా అయ్యేదేమీ లేదు. క్లాట్‌లో మంచి ర్యాంకు వచ్చి, ఫీజుకు దారి కూడా దొరికితే అప్పుడు మళ్లీ ఆలోచించండి.

నెట్‌లో మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండో పేపర్ 100, మొత్తం మూడు గంటలు. ప్రశ్నకు రెండు మార్కులు, తప్పులకు కోత లేదు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. లా సిలబస్ పది యూనిట్లు. రాజ్యాంగం రెండో యూనిట్‌లో పరిపాలనా న్యాయంతో కలిసి వస్తుంది, పదో యూనిట్‌లో ఇతర దేశాల రాజ్యాంగాలతో పోలికగా మళ్లీ వస్తుంది. రాజ్యాంగం మీద ఇష్టంతో దాన్నే పదిసార్లు చదివి, అంతర్జాతీయ న్యాయం, మేధో సంపత్తి హక్కులు, పర్యావరణ చట్టాల యూనిట్లు వదిలేసేవాళ్లు ఒకటి రెండు మార్కుల్లో తప్పుతుంటారు. మొదటి పేపర్‌ను కూడా చిన్నచూపు చూడొద్దు. అందులో లెక్కలు, లాజిక్, డేటా పట్టికలు ఉంటాయి, లా విద్యార్థులకు అవే గుదిబండ. నెట్‌లో పై మార్కులకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. వయసు పరిమితి 30, మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. కాబట్టి మీ ముందు సమయం ఉంది. సెట్ పాసైతే ఆ రాష్ట్రంలోని పోస్టులకే పనికొస్తుంది. వీలైతే నెట్‌కే గురిపెట్టండి.

రెగ్యులర్ పోస్టులో చేరితే యూజీసీ స్కేల్‌లో మూలవేతనం 57,700తో మొదలవుతుంది. కాకపోతే రాష్ట్ర వర్సిటీల్లో నోటిఫికేషన్లు ఏళ్లకేళ్లు రావు, వచ్చినా కోర్టు కేసుల్లో పడతాయి. ఈలోగా చాలామంది గెస్ట్ లెక్చరర్లుగానో, ప్రైవేటు లా కాలేజీల్లోనో కాలం గడుపుతారు. అక్కడ ఒక గొయ్యి ఉంది, చూసి దాటండి. కాంట్రాక్టు సర్వీసు తర్వాత అనుభవం కింద లెక్కకు రావాలంటే, చేరేనాటికే మీకు నెట్ ఉండాలి, సరైన సెలక్షన్ కమిటీ ద్వారా ఎంపికై ఉండాలి, జీతం రెగ్యులర్ అధ్యాపకుడి జీతానికి తగ్గకూడదు. గంటకు ఇంతని చేతిలో పెట్టే చోట ఆరేళ్లు పాఠం చెప్పినా దరఖాస్తులో అనుభవం గడి ఖాళీగానే మిగులుతుంది. చేరినరోజే నియామక ఉత్తర్వు కాపీ, ఎంపిక ప్రకటన, నెలనెలా బ్యాంకులో పడిన జీతం రికార్డు ఒక ఫైల్లో పెట్టుకోండి.

అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. కొత్తలో గంట క్లాసుకు మూడు గంటల తయారీ అవసరం. అంటే వారంలో 60 గంటలకు పైగా దానికే పోతాయి. మొదటి రెండేళ్లు కాలమ్ రాయడం కుదరకపోతే కంగారుపడొద్దు. ఇంకో సంగతి. పదోన్నతుల లెక్కలో పరిశోధన పత్రానికి పాయింట్లుంటాయి, పత్రికలో వచ్చిన వ్యాసానికి సున్నా. వంద వ్యాసాలు రాసి పేరు తెచ్చుకుని, ఇంటర్వ్యూలో ‘మీ పబ్లికేషన్లు ఏవి?’ అని అడిగితే బిత్తరపోయే పరిస్థితి తెచ్చుకోకండి.

పీహెచ్‌డీ అంశం ఎంపికలోనే సగం భవిష్యత్తు తేలిపోతుంది. ‘ప్రాథమిక హక్కులు – ఒక విమర్శనాత్మక అధ్యయనం’ లాంటి శీర్షికతో వెళితే ఆరేళ్లు గడిచినా ఒడ్డు కనపడదు. మీది ఏజెన్సీ గ్రామాలున్న జిల్లా. గిరిజన ప్రాంతాల పాలన గురించి రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూలు మీ గుమ్మం ముందు ఉంది. ఏజెన్సీలోని టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో ఇచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఐదో షెడ్యూలు కింద గవర్నర్‌కున్న అధికారానికి హద్దులేమిటన్నది అందులో ప్రధాన ప్రశ్న. గిరిజన భూముల్లో గనుల లీజులపై 1997 నాటి సమత తీర్పునూ, దీన్నీ పక్కపక్కన పెడితే మంచి థీసిస్ అవుతుంది. చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికుల అవకాశాలకు సంబంధించిన 371-డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు, స్థానికత గొడవలు కూడా అలాంటివే. వాటి మీద లోతుగా రాసినవాళ్లు దేశంలో కొద్దిమందే. అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చానళ్లు వెతికేది కూడా వాళ్లనే.

ఇక మైకు సంగతి. ఒక్క తీర్పును దగ్గరగా పట్టుకుని చూద్దాం. 2024 ఆగస్టు 1న ఎస్సీ ఉపవర్గీకరణపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఏడుగురు జడ్జిలు, 6-1 మెజారిటీ, ఆరు వేర్వేరు అభిప్రాయాలు, 565 పేజీలు. ఆ సాయంత్రమే మన చానళ్లలో రెండు మాటలు హోరెత్తాయి. ‘వర్గీకరణ చేయాల్సిందేనని సుప్రీం ఆదేశం’ అన్నది ఒకటి, ‘ఎస్సీలకూ క్రీమీలేయర్’ (స్థితిమంతులను రిజర్వేషన్ నుంచి తప్పించడం) అన్నది రెండోది. రెండూ తప్పే. ఎక్కడ తప్పో పట్టుకోవడమే మీరు నేర్చుకోవాల్సిన విద్య.

ముందు చూడాల్సింది ధర్మాసనం ముందున్న ప్రశ్న. ఎస్సీ జాబితాలోని కులాలను రిజర్వేషన్ కోసం రాష్ట్రాలు మళ్లీ విభజించవచ్చా, విభజించకూడదన్న 2004 నాటి చిన్నయ్య తీర్పు సరైనదేనా? అంతవరకే. చిన్నయ్య కేసులో కొట్టేసింది మన ఉమ్మడి రాష్ట్రం 2000లో చేసిన ఏ, బీ, సీ, డీ చట్టాన్నే. రెండో అడుగు, ఏ జడ్జి ఎవరితో కలిశారో కాగితం మీద గీసుకోవడం. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ తనకూ జస్టిస్ మనోజ్ మిశ్రాకూ కలిపి రాశారు. జస్టిస్ గవాయ్, విక్రమ్‌నాథ్, పంకజ్ మిత్తల్, సతీశ్‌చంద్ర శర్మ విడివిడిగా రాసి ఏకీభవించారు. జస్టిస్ బేలా త్రివేది విభేదించారు. మూడో అడుగు, జవాబు. ఆరుగురూ అన్నది ‘విభజించవచ్చు’ అని. ‘తీరాలి’ అని ఎవరూ అనలేదు. ఆ విభజనకూ లెక్కలు చూపాలి, కోర్టు దాన్ని సమీక్షించవచ్చు. కోటా మొత్తాన్ని ఒక్క ఉపవర్గానికే కట్టబెట్టడం కుదరదు.

క్రీమీలేయర్ మాట ఎక్కడిది? విడిగా రాసిన ఆ నలుగురి అభిప్రాయాల్లోది. ఇక్కడే యాంకర్ మిమ్మల్ని ఇరుకున పెడతాడు: ‘ఏడుగురిలో నలుగురంటే మెజారిటీయే కదండీ!’ అంకె ప్రకారం నిజమే. ఆ ప్రశ్న మాత్రం ఆ కేసులో లేదు. ప్రశ్న లేనిచోట జడ్జి అన్నది అభిప్రాయమే గానీ ఆదేశం కాదు. సుప్రీంకోర్టు ప్రసంగవశాత్తు అన్న మాటలకు కూడా కింది కోర్టుల్లో బరువు ఉంటుంది, అది కూడా చెప్పాలి. అంతేగానీ ‘క్రీమీలేయర్ వచ్చేసింది’ అనడానికి వీల్లేదు. ఈ మొత్తాన్ని నలభై సెకన్లలో చెప్పగలగాలి. అదే ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఎస్సీ, ఎస్టీలకు క్రీమీలేయర్ ఉండదని ప్రకటించింది. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాల చొప్పున అమలు మొదలుపెట్టింది. తొలిరోజు హోరులో తప్పు చెప్పినవాళ్ల వీడియోలు మాత్రం ఇంకా అలాగే తిరుగుతున్నాయి.

కాబట్టి చానల్ నుంచి ఫోన్ వస్తే మొదట అడగాల్సింది ‘ఆర్డర్ అప్‌లోడ్ అయిందా?’ అని. కాకపోతే, విచారణలో జడ్జి నోటిమాటగా అన్నదాని మీదే చర్చ అన్నమాట. అది ఉత్తర్వులోకి రావచ్చు, రాకపోనూ వచ్చు. ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి, లేదా మర్యాదగా తప్పుకోండి. అప్‌లోడ్ అయితే గంట టైమ్ అడగండి. ప్రశ్నలు, చివర్లోని ముగింపు పేరాలు, ఎవరు ఎవరితో కలిశారన్నది, ఈ మూడూ గంటలో దొరుకుతాయి. పేరా నంబర్లు చేతిలో పెట్టుకుని కూర్చోండి. మొత్తం చదివాక రాసే వ్యాసం రెండో రోజుకు, మూడో రోజుకు ఉంచండి.

మన వార్తల భాషలో పాతుకుపోయిన తప్పులు కొన్ని ఉన్నాయి. వాటిని సరిదిద్దినా చాలు, మీకంటూ ఒక చోటు ఏర్పడుతుంది. నోటీసు జారీ కాగానే ‘ప్రభుత్వానికి సుప్రీం షాక్’ అంటారు. నోటీసు అంటే ‘మీ జవాబు చెప్పండి’ అనే. హైకోర్టు తీర్పుపై వేసిన ఎస్‌ఎల్‌పీని (అప్పీలుకు అనుమతి కోరే పిటిషన్‌ను) ఒక్క ముక్కలో డిస్మిస్ చేస్తే ‘హైకోర్టు తీర్పును సమర్థించిన సుప్రీం’ అని రాసేస్తారు. కారణాలు చెప్పకుండా ఎస్‌ఎల్‌పీని తోసిపుచ్చితే హైకోర్టు తీర్పుకు ముద్ర వేసినట్టు కాదని కున్హయమ్మద్ కేసులో 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. స్టే అంటే గెలుపనీ, వాయిదా అంటే ఓటమనీ చెప్పే జనాభా సంగతి సరేసరి.

రాసేటప్పుడు మొదటి మూడు వాక్యాల్లో మూడు సంగతులు వచ్చేయాలి: కోర్టుకు ఎవరు ఏం కోరుతూ వెళ్లారు, కోర్టు ఏం ఉత్తర్వు ఇచ్చింది, దేన్ని తేల్చకుండా వదిలేసింది. మీ అభిప్రాయం ఆ తర్వాతే. ఆ కేసులో ఏ పక్షానికైనా సలహా ఇచ్చి ఉంటే అది ముందే చెప్పండి. తప్పు దొర్లితే, ఎక్కడ తప్పు చెప్పారో అక్కడే దిద్దుకోండి.

అధ్యాపకుల మాట ఎంత దూరం పోతుందో తెలియాలంటే 1979 సెప్టెంబరు నాటి బహిరంగ లేఖ సంగతి చూడండి. మథుర కేసుగా పేరుపడ్డ అత్యాచారం కేసులో నిందితులైన పోలీసులను సుప్రీంకోర్టు నిర్దోషులుగా వదిలేస్తే, ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగమ్వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి ఆ లేఖ రాశారు. తీర్పులోని వాస్తవాలనే పట్టుకుని, తర్కం ఎక్కడ తప్పిందో ఒక్కొక్కటిగా చూపారు. ఆ తర్వాత రేగిన ఉద్యమంతో 1983లో చట్టమే మారింది. మీరు అడిగిన ధిక్కారం ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉంది. తీర్పును ఎంత ఘాటుగానైనా తప్పుపట్టండి. జడ్జికి దురుద్దేశం అంటగట్టకండి.

చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. 1971 కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షన్ ప్రకారం, తుది తీర్పు వచ్చిన కేసు మంచిచెడ్డలపై న్యాయమైన విమర్శ ధిక్కారం కాదు. శిక్ష ఆరు నెలల దాకా సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మన హైదరాబాద్‌తో ముడిపడిన కేసే ఉంది. అప్పటి కేంద్ర న్యాయశాఖ మంత్రి పి. శివశంకర్ 1987 నవంబరులో హైదరాబాద్‌లో బార్ కౌన్సిల్ సభలో మాట్లాడుతూ సుప్రీంకోర్టు ధనవంతుల వైపు మొగ్గుతోందని చాలా కటువుగా విమర్శించారు. ధిక్కారం కాదని 1988లో సుప్రీంకోర్టు తేల్చింది. 1970లో మాత్రం, కోర్టులు వర్గ ప్రయోజనాలకు పనిచేస్తాయని కేరళ ముఖ్యమంత్రిగా ఉండగా అన్నందుకు నంబూద్రిపాద్‌కు పడిన శిక్షను అదే కోర్టు ఖాయం చేసింది, జరిమానాను వెయ్యి నుంచి 50 రూపాయలకు తగ్గించింది. గీత ఎక్కడుందో ముందే చెప్పడం కష్టమని ఈ రెండింటినీ చూస్తే తెలుస్తుంది. ‘ఈ పేరాలోని తర్కం ఫలానా పాత తీర్పుతో పొసగదు’ అనే వాక్యానికి ఎవరూ కేసు పెట్టరు. ‘జడ్జి అమ్ముడుపోయాడు’ అంటే పెడతారు.

నిజానికి కొత్తవాళ్లు ఇరుక్కునేది వేరే చోట్ల. అత్యాచార బాధితురాలి పేరు నోరుజారి చెప్పడం నేరం, రెండేళ్ల దాకా జైలు. మైనర్ నిందితుడి వివరాలు బయటపెట్టడమూ నేరమే. రెండోది మీ సర్వీసు నిబంధనలు. ప్రభుత్వ వర్సిటీలో చేరాక ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడంపై ఆంక్షలు ఉండొచ్చు, మీడియాకు ముందస్తు అనుమతి అడగొచ్చు. చేరేముందు ఆ పేజీలు చదవండి, అనుమతి తీసుకుంటే కాగితం మీద తీసుకోండి. కోర్టుకన్నా రిజిస్ట్రార్ నోటీసే ముందొస్తుంది.

ఇంగ్లిష్ గురించి. తీర్పులు ఇంగ్లిష్‌లోనే వస్తాయి, తప్పించుకునే దారి లేదు. రోజుకు పది పేజీలు, ఆరు నెలలు చదివితే జడ్జిల వాక్యనిర్మాణం అలవాటైపోతుంది. సుప్రీంకోర్టు వారి ఈఎస్‌సీఆర్ పోర్టల్‌లో తీర్పులు ఉచితం, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. అనువాదాన్ని పక్కన పెట్టుకుని చదవండి, ప్రమాణంగా మాత్రం మూలాన్నే తీసుకోండి. 2022 సెప్టెంబరు నుంచి రాజ్యాంగ ధర్మాసనాల విచారణ ప్రత్యక్ష ప్రసారం అవుతోంది. వారానికో గంట వింటే చెవి కూడా అలవాటుపడుతుంది. మీ తెలుగు మీడియం ఈ రంగంలో లోటేమీ కాదు. నల్సార్‌లో పాఠం చెప్పి, కేంద్ర సమాచార కమిషనర్‌గా కూడా చేసిన మాడభూషి శ్రీధర్ తెలుగులో విరివిగా రాశారు. అలా రాసేవాళ్లు ఇంకా పదిమంది కావాలి. జడ్జి ప్రసంగవశాత్తు అన్న మాటను ‘ఒబిటర్’ అంటారు, దాన్ని తెలుగులో ఎలా చెప్తే మీ ఊళ్లో టీకొట్టు దగ్గర అర్థమవుతుందో వెతకడం మొదలుపెట్టండి.

చివరగా మీ నాన్నగారి మాట. ఆయన మాటను పూర్తిగా కొట్టేయకండి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, కాబట్టి పరీక్ష ఇప్పటికిప్పుడు రాసేది కాదు. ఎల్‌ఎల్‌బీ పూర్తికాగానే బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వండి. 2024 జూలై తీర్పు తర్వాత ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదు. బార్ కౌన్సిల్ జరిపే ఏఐబీఈ పరీక్ష కూడా రాయాలి. ప్రాక్టీస్‌లో ఉన్న లాయరు రోజుకు మూడు గంటలకు మించకుండా లా కాలేజీలో పాఠం చెప్పొచ్చు, 1979 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలే ఆ వీలు ఇచ్చాయి. పూర్తికాలపు జీతం ఉద్యోగంలో చేరితే మాత్రం ప్రాక్టీస్ ఆపాలి. అలా చేరిన రోజునే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలిపి సనదును (ప్రాక్టీస్ అనుమతి పత్రాన్ని) సస్పెన్షన్‌లో పెట్టించుకోండి, మానేసి మళ్లీ కోర్టుకు వెళ్లాలనుకుంటే దాన్ని పునరుద్ధరించుకోవచ్చు. చెప్పకుండా రెండుచోట్లా ఉంటే ఎవరో ఒకరు ఫిర్యాదు పెడతారు. టీవీలో రోజూ కనిపించే మనిషి మీద ఆ ఫిర్యాదు ఇంకా తొందరగా వస్తుంది.